ఫార్మాట్ కొట్టించే ముందు

బెంగళూరు కె.ఆర్.పురంలో మా వీధి చివర ఒక ఆన్‌లైన్ సర్వీసుల షాపు ఉంది. పాన్ కార్డు అప్లికేషన్లు, బస్సు టికెట్లు, కరెంటు బిల్లులు, జెరాక్సు, అన్నీ అక్కడే. నడిపేది కర్నూలు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక అక్క. నేను ఒక చిన్న ఆఫీసులో సిస్టమ్ అడ్మిన్‌గా పనిచేస్తాను కాబట్టి, వీధిలో ఎవరి కంప్యూటర్ మొరాయించినా నా ఫోనే మోగుతుంది. పోయిన వానాకాలంలో ఒక పొద్దున ఆ అక్క ఫోన్ చేసింది.

"తమ్ముడూ, మళ్ళీ వైరస్ వచ్చింది. బ్యాంకు సైటు ఒక్కటే కాదు, ఏ సైటూ తెరుచుకోవట్లేదు. ఈసారి కూడా ఫార్మాట్ కొట్టించాల్సిందేనా?"

"ఇప్పటికి ఎన్నిసార్లు కొట్టించావక్కా?"

"రెండు నెలల్లో రెండుసార్లు. కొట్టించిన రోజు బాగానే ఉంటుంది. మర్నాడు షాపు తెరిచేసరికి మళ్ళీ ఇదే కథ."

"రాత్రి షాపు కట్టేసేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపేస్తావా?"

"ఆపకుండా ఎట్లా పోతా?"

వెళ్ళి చూశాను. స్క్రీన్ కుడివైపు కింది మూలన తేదీ 2016 జనవరి 1 అని ఉంది. బ్రౌజర్ తెరిస్తే ఎర్ర గుర్తు, దాని కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. మీ గడియారం వెనకబడి ఉంది అని దాని అర్థం. జబ్బు ఏమిటో కంప్యూటరే రాసి చూపిస్తోంది. ఎర్ర గుర్తు కనపడగానే అందరూ భయపడి మూసేశారు తప్ప, కింద ఏం రాసుందో ఎవరూ చదవలేదు.

కంప్యూటర్ లోపల భాగాలన్నీ తగిలించి ఉండే పెద్ద పలక మదర్‌బోర్డు. దాని మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటుంది. పేరు సీఆర్ 2032. అడ్డం 20 మిల్లీమీటర్లు, మందం 3.2 మిల్లీమీటర్లు, ఆ అంకెలు వచ్చింది అక్కడి నుంచే. కరెంటు లేని వేళ కూడా కంప్యూటర్ గడియారం నడిచేది దాని 3 వోల్టుల మీదే. అది అయిపోయినా పగలంతా ఏమీ తెలియదు, గోడలోంచి కరెంటు వస్తుంటుంది కదా. రాత్రి మెయిన్ ఆపగానే గడియారం అంతా మరిచిపోయి ఎప్పటిదో పాత తేదీకి వెళ్ళిపోతుంది. ఇక బ్యాంకు సైటు విషయం. ప్రతి సురక్షితమైన సైటుకీ ఒక సర్టిఫికెట్ ఉంటుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చెల్లుతుందని అందులో రాసి ఉంటుంది. తన లెక్కలో 2016లో ఉన్న కంప్యూటర్‌కి ఈ ఏడాది ఇచ్చిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు. అందుకే ఏ సైటునీ నమ్మదు. ఫార్మాట్ అంటే డిస్క్ మొత్తం తుడిచి విండోస్ మళ్ళీ ఎక్కించడం. ఆ పని చేసిన మనిషి విండోస్ ఎక్కిస్తూ తేదీ సరిచేసేవాడు. ఆ రాత్రి మెయిన్ స్విచ్ ఆపేదాకా అంతా బాగుండేది.

బ్యాటరీకి యాభై రూపాయలు కూడా కాలేదు. కానీ మొదటి ఫార్మాట్‌లో పోయిన కస్టమర్ల స్కాన్ కాపీలు, మూడేళ్ళ లెక్కల ఎక్సెల్ షీట్లు తిరిగి రాలేదు. నాకు బాధ కలిగేది ఇక్కడే. ఫార్మాట్‌కి అయ్యే డబ్బు చిన్న సంగతి. ఎక్కడ తెగిందో వెతక్కుండా మొత్తం తుడిచేయడం వల్ల పోయేవి మళ్ళీ సంపాదించుకోలేనివి.

మన దగ్గర కంప్యూటర్ జబ్బులకు మూడే పేర్లు: ఆన్ కావట్లేదు, స్లో అయింది, నెట్ రావట్లేదు. ఒక్కో పేరు వెనక అరడజను వేరు వేరు కారణాలు ఉంటాయి. జ్వరం అన్నంత మాత్రాన అది మలేరియానో జలుబో తేలదు కదా.

మా నాన్న కదిరి దగ్గర పల్లెలో వేరుశనగ వేసేవాడు. మోటారు వేసినా నీళ్ళు పడకపోతే ముందు మూడు ఫేజులూ ఉన్నాయా చూసేవాడు. తర్వాత ఫీజు, తర్వాత స్టార్టరు. ఆ పైన పైపుకి చెవి ఆనించి మోటారు తిరుగుతున్న చప్పుడు వస్తోందా అని వినేవాడు. చప్పుడు వచ్చిందా, తప్పు కరెంటులో లేదు, పైపులోనో నీళ్ళలోనో ఉంది. రాలేదా, నీళ్ళ గురించి ఆలోచించే పనే లేదు. చెవి ఒక్కసారి ఆనిస్తే సగం అనుమానాలు తొలగిపోయేవి. కొత్త బోరు మాట అన్నిటికంటే ఆఖరున వచ్చేది. కంప్యూటర్ దగ్గరా పని ఇదే. గోడ స్విచ్ నుంచి స్క్రీన్ మీది అక్షరం దాకా ఒక గొలుసు ఉంటుంది. మధ్యలో ఒకచోట చెయ్యి పెట్టి, ఇక్కడి దాకా బాగుందా అని అడగాలి. బాగుంటే తప్పు అవతల, లేకపోతే ఇవతల. ఒకసారి ఒక్కటే మార్చాలి, ఫలితం చూడాలి, తేడా రాకపోతే దాన్ని ఎప్పటిలా పెట్టేయాలి. కేబులూ మార్చి, డ్రైవరూ (ఒక్కో భాగాన్ని విండోస్‌తో కలిపి నడిపే చిన్న ప్రోగ్రామ్) వేసి, సెట్టింగూ తిప్పేస్తే ఏది పనిచేసిందో తెలియదు, ఏది కొత్తగా చెడిందో అంతకన్నా తెలియదు.

ముట్టుకునే ముందు

నేను మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: చివరిసారి బాగా పనిచేసినప్పటికీ ఇప్పటికీ మధ్య ఏం జరిగింది? అందరూ మొదట "ఏమీ జరగలేదు" అంటారు. కాస్త ఓపిగ్గా కూర్చుంటే అప్పుడు వస్తాయి: నిన్న అప్‌డేట్ పడింది, టేబుల్ జరిపాం, పిల్లాడు ఏదో గేమ్ ఎక్కించాడు, రాత్రి ఉరుములప్పుడు కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. సగం సమాధానం అందులోనే ఉంటుంది.

2024 జూలై 19న ప్రపంచమంతా ఈ ప్రశ్నే అడగాల్సి వచ్చింది. ఆ రోజు విమానాశ్రయాల్లో, బ్యాంకుల్లో, ఆఫీసుల్లో కంప్యూటర్లు వరసగా నీలి తెర (బ్లూ స్క్రీన్) చూపించి ఆగిపోయాయి. మన దేశంలో కొందరు ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దెబ్బతిన్నవి సుమారు 85 లక్షల సిస్టమ్‌లు. కారణం క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక తప్పుడు అప్‌డేట్. చాలా సిస్టమ్‌లకు దొరికిన పరిష్కారం ఏమిటంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్ళి ఆ ఒక్క ఫైలు తీసేయడం. ఫార్మాట్ అక్కర్లేకపోయింది. సేఫ్ మోడ్ ఉన్నది ఇందుకే. అందులో విండోస్ తనకు తప్పనిసరి అయిన డ్రైవర్లతో మాత్రమే లేస్తుంది. అక్కడ బాగా నడిచి మామూలుగా నడవకపోతే, తప్పు చాలావరకు తర్వాత వచ్చి చేరిన డ్రైవర్‌దో ప్రోగ్రామ్‌దో అనుకోవచ్చు. నాన్న పైపుకి చెవి ఆనించడం లాంటిదే ఇదీ.

తప్పు మెసేజ్ వస్తే ఫోన్‌తో ఫోటో తీయండి. "ఏదో వచ్చి పోయింది" అనే మాటతో ఎవరూ ఏమీ చేయలేరు. ఫోటోలో ఉన్న కోడ్‌తో చాలా చేయొచ్చు.

ఆన్ కావట్లేదు

ఈ మాటలో రెండు జబ్బులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి అసలు ప్రాణమే లేకపోవడం. రెండోది ప్రాణం ఉండి బొమ్మ రాకపోవడం. విడదీయడానికి కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల కంప్యూటర్ మేలుకునే ఉంది, తెర వైపు వెతకాలి. మానిటర్ కేబుల్, మానిటర్‌లో ఎంచుకున్న ఇన్‌పుట్, ల్యాప్‌టాప్ అయితే హెచ్‌డీఎంఐతో టీవీకి కలిపి చూడటం. గది చీకటి చేసి ల్యాప్‌టాప్ తెర మీద టార్చ్ వేసినప్పుడు అక్షరాలు లీలగా కనపడితే, చెడింది తెర వెనక ఉండే వెలుగు మాత్రమే.

ప్రాణమే లేదనిపిస్తే గోడ దగ్గర మొదలుపెట్టాలి. అదే సాకెట్‌లో ఫోన్ చార్జర్ పెట్టి చూడండి. తర్వాత యూపీఎస్‌ని పక్కన పెట్టి నేరుగా గోడకి తగిలించండి. మామూలు యూపీఎస్ బ్యాటరీ రెండు మూడేళ్ళకు నీరసపడుతుంది. బెంగళూరులో వేసవి చివర వానలకు కరెంటు పోయి వస్తున్నప్పుడు అది నిమిషం కూడా నిలబడదు, నింద కంప్యూటర్ మీద పడుతుంది. లేజర్ ప్రింటర్‌ని మాత్రం యూపీఎస్‌కి తగిలించకండి. కాగితం మీద పొడిని కరిగించే రోలరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా గుంజే కరెంటు చిన్న యూపీఎస్ మోయలేదు. డెస్క్‌టాప్ వెనక, పవర్ కేబుల్ పక్కన నిలువు గీత, సున్నా గుర్తులున్న స్విచ్ ఒకటి ఉంటుంది. ఇల్లు తుడిచేటప్పుడు గుడ్డ తగిలి అది పడిపోయిన కేసులు నేను చాలా చూశాను.

ఫ్యాన్ తిరిగి, లైటు వెలిగి, బొమ్మ రాకుండా బీప్ సౌండ్ వస్తుంటే ముందు ర్యామ్‌ని, అంటే నడుస్తున్న పనిని తాత్కాలికంగా పెట్టుకునే మెమరీ పట్టీని, అనుమానించాలి. కంప్యూటర్ లేవగానే తన భాగాలను తానే పరీక్షించుకుంటుంది. తెర లేవకముందే దేనిలోనైనా తప్పు దొరికితే చెప్పడానికి దానికున్న నోరు ఆ బీప్ ఒక్కటే. ప్లగ్ పీకేసి, పవర్ బటన్‌ని కాసేపు నొక్కి పట్టి, లోపల మిగిలిన చార్జ్ పోయాక, ఇనుప డబ్బాను ఒకసారి తాకి, ర్యామ్ తీయండి. బంగారు రంగు పళ్ళను మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా తుడిచి, పొడి దులిపి, క్లిప్పు టక్కున పడేదాకా నొక్కి పెట్టండి. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడాలి.

ల్యాప్‌టాప్‌కీ ఇలాంటిదే ఒక పద్ధతి ఉంది. చార్జర్ తీసేసి పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టి, మళ్ళీ చార్జర్ పెట్టి ఆన్ చేయడం. చచ్చిందనుకున్న ల్యాప్‌టాప్‌లు దీనితో లేచిన సందర్భాలు నాకు లెక్కలేనన్ని. మారతహళ్ళి పీజీల్లో ఇంకో కారణం తరచుగా కనపడుతుంది. టైప్-సీ చార్జర్లు అన్నీ ఒకేలా ఉంటాయి కాబట్టి రూమ్మేట్ ఫోన్ చార్జర్ పెట్టేస్తారు. 65 వాట్లు కావాల్సిన ల్యాప్‌టాప్‌కి 18 వాట్ల చార్జర్ పెడితే ఎక్కదు, ఎక్కినా పని చేస్తుండగానే దిగిపోతుంది. చార్జర్ మీద చిన్న అక్షరాల్లో ఉండే వాట్ల అంకె చూడండి.

ఇక్కడ ఒక్క సంగతి చాలా గట్టిగా చెప్పాలి. టచ్‌ప్యాడ్ నొక్కుడు పడకపోయినా, అది పైకి ఉబ్బినట్టున్నా, మూత సరిగ్గా మూసుకోకపోయినా, ల్యాప్‌టాప్ బల్ల మీద ఊగుతున్నా, లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు. మా ఆఫీసులో ఒక అమ్మాయి నెల రోజులు మౌస్ తగిలించుకుని పని చేసింది, టచ్‌ప్యాడ్ చెడిపోయిందనుకుని. విప్పి చూస్తే బ్యాటరీ పూరీలా పొంగి ఉంది. లిథియం బ్యాటరీకి కన్నం పడితే మంటలు లేస్తాయి. వెంటనే ఆపేయండి, చార్జ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు, తెలిసినవాళ్ళ చేత మార్పించండి.

ల్యాప్‌టాప్ ఇనుప ఒళ్ళు తాకితే చార్జింగ్‌లో ఉన్నప్పుడు సన్నగా జిల్లుమంటోందా? మూడు కాళ్ళ ప్లగ్‌ని రెండు కాళ్ళ కన్వర్టర్‌లో పెట్టినా, సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోయినా అలాగే ఉంటుంది. అప్పుడు చూపించాల్సింది ఎలక్ట్రీషియన్‌కి, ల్యాప్‌టాప్ షాపుకి కాదు.

స్లో అయింది

షట్‌డౌన్‌కీ రీస్టార్ట్‌కీ తేడా చాలామందికి తెలియదు, తెలిస్తే ఎన్నో ఫోన్లు తగ్గుతాయి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. మీరు షట్‌డౌన్ కొట్టినప్పుడు విండోస్ గుండెకాయ పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్క్‌లో రాసిపెట్టి పడుకుంటుంది, పొద్దున దాన్నే మళ్ళీ చదువుకుని లేస్తుంది. తొందరగా లేస్తుంది, నిజమే. కానీ నిన్నటి చిక్కుముడి కూడా దానితోపాటే లేస్తుంది. రీస్టార్ట్ కొడితేనే అంతా మొదటి నుంచి మొదలవుతుంది. "రోజూ ఆపే ఇంటికి వెళ్తున్నా సార్" అనే ఉద్యోగి సిస్టమ్‌లో టాస్క్ మేనేజర్ తీసి చూస్తే, నడుస్తున్న కాలం ఇరవై రోజులు అని ఉంటుంది. ఆయన అబద్ధం చెప్పలేదు. షిఫ్ట్ నొక్కి పట్టి షట్‌డౌన్ కొట్టినా పూర్తిగా ఆగుతుంది.

రీస్టార్ట్ అయ్యాకా స్లోగానే ఉంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. సీపీయూ (లెక్కలు చేసే ప్రాసెసర్), మెమరీ (ర్యామ్), డిస్క్, నెట్‌వర్క్, నాలుగు వరసలు. మీ కంప్యూటర్ దేని కోసం ఎదురుచూస్తోందో అక్కడ కనపడుతుంది. ర్యామ్ వేయించాలా, డిస్క్ మార్చాలా, ఏమీ అక్కర్లేదా అన్నది తేల్చేది ఈ నాలుగు వరసలే. షాపులో మనిషి అంచనా కాదు.

మెమరీ 90 శాతం దాటి నిలబడితే ర్యామ్ చాలట్లేదు. బ్రౌజర్‌లో నలభై ట్యాబులు తెరిచి ఉంటే ముందు అవి మూసి చూడండి. సీపీయూ ఒక్క ప్రోగ్రామ్ వల్లే నిండిపోతే ఆ ప్రోగ్రామ్ పేరు అక్కడే ఉంటుంది. ఏ పనీ చేయకుండానే డిస్క్ 100 శాతం చూపిస్తూ, లోపల పాతరకం హార్డ్ డిస్క్ ఉంటే, దాని కథ కాస్త వివరంగా చెప్పాలి.

హార్డ్ డిస్క్‌లో పళ్ళెం గిర్రున తిరుగుతుంటే ఒక సూది వెళ్ళి సమాచారం చదువుతుంది. నిమిషానికి 7200 చుట్లు తిరిగే డిస్క్‌లో ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైన పడుతుంది. సూది కదలాలి, కావాల్సిన ముక్క దాని కిందికి వచ్చేదాకా ఆగాలి. అలా అక్కడొకటి ఇక్కడొకటి ముక్కలు ఏరాలంటే సెకనుకు వంద దాటడం కష్టం. విండోస్ లేచేటప్పుడు కావాల్సింది సరిగ్గా అలాంటి వేలాది చిన్న ముక్కలే. ఎస్ఎస్‌డీ అనే కొత్తరకం డిస్క్‌లో తిరిగేదీ కదిలేదీ లేదు, సెకనుకు వేలల్లో ఇచ్చేస్తుంది. అందుకే ఐదారేళ్ళ పాత సిస్టమ్‌కి ఒకే ఒక్క ఖర్చు పెట్టాలంటే నేను ఎస్ఎస్‌డీకే ఓటు వేస్తాను. మా ఆఫీసులో పారేద్దామనుకున్న నాలుగు డెస్క్‌టాప్‌లు దానితోనే ఇప్పటికీ లెక్కలు రాస్తున్నాయి. కాకపోతే 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. మీ పాత సిస్టమ్ విండోస్ 11కి పనికొస్తుందో లేదో చూసుకున్నాకే ఖర్చు పెట్టండి.

అన్ని వరసలూ ఖాళీగానే ఉండి, మొదటి పది నిమిషాలు చురుగ్గా నడిచి తర్వాత నీరసపడుతుంటే అది వేడి. ప్రాసెసర్ కాలిపోకుండా తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఈ ఊళ్ళో ఏ వీధిలో చూసినా ఒక బిల్డింగు లేస్తూ ఉంటుంది, ఆ సిమెంటు దుమ్మంతా ఫ్యాన్ రెక్కల వెనక దళసరి గుడ్డలా పేరుకుపోతుంది. దాన్ని దులిపించి, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు మార్పించండి. పరుపు మీద పెట్టుకుని పని చేయడం మానాలి. గాలి పీల్చే రంధ్రాలు చాలా మోడళ్ళకు అడుగునే ఉంటాయి.

నెట్ రావట్లేదు

ఇక్కడ చెవి ఆనించే చోటు మీ జేబులోనే ఉంది. ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ల్యాప్‌టాప్‌ని దానికి కలపండి. నెట్ వస్తే ల్యాప్‌టాప్ మంచిదే, తప్పు రౌటర్‌దో లైన్‌దో. హాట్‌స్పాట్‌తోనూ రాకపోతే కంపెనీకి ఫోన్ చేసి గంట వృథా చేసుకోవద్దు, తప్పు మీ సిస్టమ్‌లోనే ఉంది.

లైన్‌దే అని తేలితే ఫైబర్ డబ్బా మీది లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్రగా వెలుగుతుంటే తీగలో కాంతి మీ ఇంటిదాకా రావట్లేదు. మనకు ఫైబర్ చాలాచోట్ల చెట్ల మీదుగా, స్తంభాల మీదుగా వస్తుంది. వానకి కొమ్మ విరిగినా, రోడ్డు తవ్వినా తెగుతుంది. అప్పుడు రౌటర్ ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. కంప్లయింట్‌లో "నెట్ రావట్లేదు" అనకుండా "ఎల్ఓఎస్ ఎర్రగా ఉంది" అనండి, వాళ్ళు అడిగే సగం ప్రశ్నలు అక్కడే అయిపోతాయి. ఇంట్లోనే ఫైబర్ తీగ అల్మరా వెనక నలిగి మడత పడినా ఇదే లైటు వస్తుంది, ముందు అది చూడండి.

లైట్లన్నీ పచ్చగా ఉండి, వైఫై కలిసి, అయినా పేజీలు రాకపోతే కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) పింగ్ అనే ఆజ్ఞతో గొలుసు మొత్తం నడిచి చూడొచ్చు. పింగ్ అని, పక్కన అడ్రస్ కొడితే అవతలి నుంచి జవాబు వస్తోందో లేదో చెబుతుంది. ముందు రౌటర్ అడ్రస్, చాలా ఇళ్ళలో 192.168.1.1 లేదా 192.168.0.1. జవాబు రాకపోతే తెగింది మీకూ రౌటర్‌కీ మధ్యే. వస్తే తర్వాత 8.8.8.8, అది గూగుల్ వాళ్ళది. దానికీ జవాబు వచ్చి, సైటు పేరుతో అడిగితే మాత్రం రాకపోతే, రోడ్డు బాగానే ఉంది, దారి చెప్పే మనిషే లేడు. సైటు పేరుని అంకెల అడ్రస్‌గా మార్చే డీఎన్ఎస్ పనిచేయట్లేదన్నమాట. సెట్టింగుల్లో డీఎన్ఎస్‌గా 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ పెడితే చాలు. మీ సిస్టమ్‌కున్న అంకెల అడ్రస్ (ఐపీ అడ్రస్) 169.254తో మొదలైతే ఇంకో కథ: అడ్రస్ ఇమ్మని రౌటర్‌ని అడిగితే జవాబు రాక, కంప్యూటర్ తనకు తానే ఒకటి పెట్టుకుంది. రౌటర్ రీస్టార్ట్ చేయండి, కేబుల్ చూడండి.

నెట్ వస్తూ పోతూ ఉంటే, ముఖ్యంగా అపార్ట్‌మెంట్లలో, ఇరవై ఇళ్ళ రౌటర్లు ఒకే గాలిలో అరుచుకుంటూ ఉండొచ్చు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్ళు మూడే, 1, 6, 11. రౌటర్ ఉన్న గదిలోనే పని చేస్తే 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. రెండు గోడలు దాటాలంటే 2.4 నయం, వేగం తక్కువైనా దూరం వెళ్తుంది.

ప్రింటర్ గురించి రెండు ముక్కలు. ఆఫ్‌లైన్ అని చూపిస్తుంటే, రౌటర్ రీస్టార్ట్ అయ్యాక ప్రింటర్‌కి కొత్త ఐపీ అడ్రస్ వచ్చి ఉంటుంది, కంప్యూటర్ పాత అడ్రస్‌కే పంపుతూ ఉంటుంది. రౌటర్‌లో ప్రింటర్‌కి ఒకే అడ్రస్ ఖాయం చేస్తే ఆ బాధ తీరుతుంది. ఒక ప్రింట్ ఇరుక్కుని మిగతావన్నీ వరసలో ఆగిపోతే, విండోస్ సర్వీసెస్‌లో, ప్రింట్లను వరసలో పెట్టి పంపే ప్రింట్ స్పూలర్‌ని రీస్టార్ట్ చేయండి.

చెయ్యి ఎత్తేయాల్సిన చోటు

కొన్నిసార్లు ఏమీ చేయకపోవడమే సరైన పని. హార్డ్ డిస్క్ నుంచి టక్ టక్ మని చప్పుడు వస్తున్నా, ఫైళ్ళు తెరవడానికి నిమిషాలు పడుతున్నా, రిపేర్ టూల్స్ నడపకండి. చెక్ డిస్క్ లాంటివి మొత్తం డిస్క్‌ని తడుముతాయి, చావుబతుకుల్లో ఉన్న డిస్క్ ఆ శ్రమకే పోవచ్చు. ఇంకా చదవగలుగుతున్నంతలో ముఖ్యమైనవి ముందు వేరే డిస్క్‌లోకి ఎత్తుకోండి. పిల్లల ఫోటోలు, ఇంటి పత్రాలు, లెక్కలు. సినిమాలు తర్వాత. అసలు చదవకపోతే ఆపేసి డేటా రికవరీ వాళ్ళకివ్వండి.

కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్ తాళం వేసి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే ఆ సంగతి మీకు తెలియకుండానే జరిగిపోతుంది. మదర్‌బోర్డు మార్చినా, కొన్నిసార్లు బయోస్ (విండోస్ కంటే ముందు కంప్యూటర్‌ని లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ చేసినా, లేవగానే ఆ తాళానికి 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. అది లేకపోతే మీ ఫైళ్ళు మీ కళ్ళ ముందే ఉండి మీకు అందవు. మామూలుగా ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోనే దాచి ఉంటుంది. రిపేర్‌కి ఇచ్చే ముందే లాగిన్ అయి, కాగితం మీద రాసిపెట్టుకోండి.

మా అపార్ట్‌మెంట్‌లో రిటైరైన ఒక మాస్టారు గారికి ఒకరోజు స్క్రీన్ నిండా ఎర్ర హెచ్చరిక వచ్చింది, సైరన్ మోతతో సహా. కింద ఫోన్ నంబరు, "వెంటనే ఈ నంబరుకి ఫోన్ చేయండి" అని. ఆయన నంబరు నొక్కేలోపు వాళ్ళ కోడలు చూసి నన్ను పిలిచింది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ నొక్కి బ్రౌజర్‌ని మూసేశాను, అంతే, ఏమీ లేదు. మైక్రోసాఫ్ట్ ఇచ్చే హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. ఆ నంబరుకి చేస్తే అవతలివాళ్ళు మీ సిస్టమ్‌ని దూరం నుంచి చూసే యాప్ ఎక్కించమంటారు, ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఖాళీ అవుతుంది. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బుని దారిలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇవన్నీ చూశాక కూడా తేలకపోతే ఎస్పీ రోడ్డుకి వెళ్ళడంలో తప్పు లేదు. టౌన్ హాల్ దగ్గర ఆ ఇరుకు సందుల్లో దొరకని విడిభాగం అరుదు, చేతిలో పని ఉన్నవాళ్ళూ ఉన్నారు. వెళ్ళేటప్పుడు ఒక కాగితం మీద రాసుకెళ్ళండి: ఎప్పటి నుంచి, అంతకు ముందు ఏం మారింది, ఏమేం పరీక్షించారు, ఏం తేలింది. మెసేజ్ ఫోటో చూపించండి. "ఫార్మాట్ కొడతాను" అంటే "ఎందుకు?" అని అడగండి. కారణం చెప్పగలిగితే ఒప్పుకోండి, డేటా కాపీ తీశాకే. ఏదైనా భాగం మార్చితే పాతది తిరిగివ్వమని ముందే చెప్పండి. హార్డ్ డిస్క్ అయితే మాత్రం అక్కడ వదిలి రావొద్దు. కె.ఆర్.పురం అక్క ఇప్పుడు తన పాత డిస్క్‌ని షాపు బీరువాలో పెట్టి తాళం వేసింది. తుడిచేసిన డిస్క్‌లోంచి కూడా కొన్ని ఫైళ్ళు వేరేవాళ్ళు తిరిగి తీయొచ్చని చెప్పాను, అందులో నాలుగొందల మంది ఆధార్ కాపీలు ఉండేవి.